పేగు ఇన్‌ఫెక్షన్‌కు వీఏ పరిహారం: ఏమని క్లెయిమ్ చేయాలి

అమెరికా సైన్యంలో ఉండగా సాల్మొనెల్లానో షిగెల్లానో (పేగుకు సోకే బ్యాక్టీరియా) సోకి, ఆ తర్వాత కడుపు కుదుటపడని మాజీ సైనికులు చాలామంది క్లెయిమ్‌లో "ఇన్‌ఫెక్షన్" అని రాసి ఊరుకుంటారు. వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) లెక్క వేరు: జబ్బు తీవ్రతకు శాతం కట్టి, దాన్ని బట్టి డబ్బిస్తుంది. ఇన్‌ఫెక్షన్ చురుగ్గా ఉన్నన్నాళ్లే 100 శాతం, తగ్గాక దానికి సున్నా. ఆపై డబ్బు వచ్చేది అది మిగిల్చిన జబ్బుకే. కాబట్టి క్లెయిమ్ దరఖాస్తు ఫారం 21-526ఈజెడ్‌లో ఇన్‌ఫెక్షన్‌నూ, ఐబీఎస్ (పేగులో మార్పు కనిపించకుండానే కడుపునొప్పి, మలవిసర్జన తేడాలు వచ్చే జబ్బు), కీళ్లవాపు లాంటి వాటినీ విడివిడిగా రాయాలి. కాగితాలు చేతికి రాకముందే, క్లెయిమ్ వేయబోతున్నానని తెలిపే ఫారం 21-0966 పంపేయండి. ఏడాదిలోపు క్లెయిమ్ వేస్తే, మంజూరైనప్పుడు ఆ తేదీ నుంచే లెక్కకట్టే వీలుంటుంది.

1990 ఆగస్టు 2 నుంచి గల్ఫ్ యుద్ధ ప్రాంతంలోనో, 2001 సెప్టెంబర్ 19 నుంచి ఆఫ్ఘనిస్తాన్‌లోనో పనిచేసినవారికి కాంపిలోబాక్టర్ జెజునై (ఇదీ పేగు బ్యాక్టీరియానే), టైఫాయిడ్ కాని సాల్మొనెల్లా, షిగెల్లా సర్వీసు వల్లే వచ్చాయని వీఏ భావిస్తుంది. అయితే సర్వీసు ముగిసిన ఏడాదిలోపు కనీసం 10 శాతం తీవ్రతతో బయటపడి ఉండాలి. ఈ మూడింటిలో ఏదైనా సోకిన 3 నెలల్లోపు రియాక్టివ్ ఆర్థ్రైటిస్ (ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే కీళ్లవాపు), లేదా కాంపిలోబాక్టర్ తర్వాత 2 నెలల్లోపు గిలాన్-బారే (నరాలను దెబ్బతీసే జబ్బు) నిర్ధారణైతే, సంబంధం తేల్చే వైద్య అభిప్రాయాన్ని వీఏనే అడుగుతుంది.

గల్ఫ్‌లో పనిచేసినవారికి ఐబీఎస్ ఇంకో దారి. దానికి ఇన్‌ఫెక్షన్ రుజువు అక్కర్లేదు, ఆ ఏడాది గడువూ లేదు. క్రోన్స్ లాంటి, పేగులో మార్పు కనిపించే జబ్బులు మాత్రం ఇందులోకి రావు.

మిగతావారు మూడు చూపాలి: ఇప్పటి నిర్ధారణ, సర్వీసులో జబ్బుపడ్డ ఆధారం, రెండింటినీ కలిపే డాక్టరు లేఖ (నెక్సస్ లెటర్). సిక్ కాల్ చీటీ (సర్వీసులో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పటి చీటీ), మలపరీక్ష రిపోర్టు ఉంటే బంగారమే. లేకపోతే తోటి సైనికుడి వాంగ్మూలం, దానికి ఫారం 21-10210. నెక్సస్‌లో డాక్టరు "కావచ్చు" అని రాస్తే క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది. సంబంధం ఉండే అవకాశం కనీసం సగం అని, ఎందుకో కారణంతో రాయాలి.

క్లెయిమ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్షలో (సీ అండ్ పీ) "పర్లేదండీ" అనకండి. ఐబీఎస్‌కు 2024 మే నుంచి గత మూడు నెలల నొప్పే ప్రధాన కొలత: ఒక్కసారైనా వస్తే 10 శాతం, నెలకు మూడు రోజులైతే 20, వారానికో రోజైతే 30. నొప్పి మలవిసర్జనతో ముడిపడి ఉండాలి, ఉబ్బరం, మలం తీరులో మార్పు లాంటి లక్షణాలు కనీసం రెండు తోడవ్వాలి. రోజువారీ డైరీ రాసి తీసుకెళ్లండి.

తిరస్కరిస్తే ఏడాదిలోపు, కొత్త ఆధారం ఉంటే ఫారం 20-0995. పాత కాగితాలనే సీనియర్ అధికారి మళ్లీ చూడాలంటే 20-0996.