డిసెంబరు 31 రాత్రి తీర్మానం చేయించే ముందు

నిరుడు జనవరి 3, తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగింది. హసన్‌పర్తి దాటాక ఒక ఊరు. తాపీ మేస్త్రీ, నలభై రెండేళ్ళ మనిషి. 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో ముందుకు వచ్చి మోకరించి, ఇక చుక్క ముట్టనని సంఘం ఎదుట తీర్మానం చేశాడు. జేబులోని క్వార్టర్ సీసాను తనే మందిరం బయట మట్టిలో ఒంపేశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అర్ధరాత్రి దాటాక, కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసి ఇచ్చే వాగ్దానపు కార్డు తీసుకుని, భార్యకు చూపించి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నేను వెళ్ళేసరికి ఆయన్ని నులకమంచానికి పాత చీరలతో కట్టేసి ఉంచారు. ఒళ్ళంతా చెమట. కట్టు జారిన కుడిచెయ్యి మాత్రం గాలిలో పని చేస్తూనే ఉంది. మాలు తీయడం, పరచడం, ఇటుక పెట్టడం, తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టడం, మళ్ళీ మాలు తీయడం. లేని గోడను ఎంతో శ్రద్ధగా కడుతున్నాడు. మధ్యమధ్య దుప్పటి మీది చీమలు దులుపుకుంటున్నాడు. చీమలూ లేవు. చుట్టూ ఆరుగురు నిలబడి దయ్యాన్ని గద్దిస్తున్నారు. రెండు రోజులుగా ఇంటిల్లిపాదీ ఉపవాసం, ఆయనతో సహా. ఆటో ఎక్కిస్తుండగా ఫిట్స్ వచ్చాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండి బతికి బయటపడ్డాడు. ఆ వాగ్దానపు కార్డు ఎవరిచ్చారో ఇప్పటికీ గుర్తులేదంటాడు. అంతకు నాలుగేళ్ళ ముందు పరకాల వైపు ఇంకొకాయనకు ఇలాగే జరిగింది. ఆయన బతకలేదు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. తాగుడు మాన్పించే పరిచర్య నడుపుతున్న కాపరులు, సంఘ పెద్దలు, కూడిక నాయకుల కోసం ఇది రాస్తున్నాను. ప్రేమతో మాట్లాడాలి, అవమానించకూడదు, విసుగు లేకుండా ప్రార్థించాలి అన్నవి మీకు తెలుసు కనుక వాటి జోలికి పోను. మనం చేసే ఒక తప్పు గురించే ఎక్కువగా చెబుతాను. రోజూ తాగే మనిషి చేత ఒక్క రాత్రిలో మాన్పించి, డాక్టరుకు చూపించకుండా ఇంటికి పంపేస్తాం. అదీ ఆ తప్పు.

అది దయ్యం కాదు, గడియారం

ఏళ్ళ తరబడి రోజూ మద్యం పడుతున్న మెదడు, ఆ మత్తుకు ఎదురు నిలవడానికి తనను తాను బిగించుకుని ఉంటుంది. మద్యం హఠాత్తుగా ఆగిపోతే ఆ బిగువు పలుపు తెంచుకున్న గిత్తలా ఒంటిమీద పడుతుంది. వేళలు చూడండి. చివరి గ్లాసు 31 సాయంత్రం ఏడుకు అనుకుందాం. 1వ తేదీ తెల్లవారేసరికి చేతుల వణుకు, చెమట, వికారం, గుండెదడ మొదలవుతాయి. ఆ ఉదయం నుంచి 2వ తేదీ సాయంత్రం దాకా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. 2 రాత్రి నుంచి 4 రాత్రి దాకా సన్నిపాతం పట్టవచ్చు. లేనివి కనిపిస్తాయి, లేని మాటలు వినిపిస్తాయి, తనెక్కడున్నదీ తెలియదు, ఒళ్ళు కాలిపోతుంది, తన పనిపాటలే గాలిలో చేస్తుంటాడు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆ మూడు రాత్రులూ మనం వాచ్‌నైట్ అలసటతో హాయిగా నిద్రపోతుంటాం.

అందరికీ ఇలా కాదు. చాలామందికి నాలుగైదు రోజుల వణుకు, నిద్రలేమితో సరిపోతుంది. మనల్ని మోసం చేసేది అదే. మా సంఘంలో పది మంది ఒక్క ప్రార్థనతో మానేశారు, ఏ ఆసుపత్రీ ఎక్కలేదు అని ఒక కాపరి నాతో గట్టిగా వాదించాడు. ఆ పది మందీ మైకు ముందు నిలబడి చెప్పినవాళ్ళే. పదకొండోవాడు చనిపోతే సాక్ష్యం చెప్పడు కదా.

కాబట్టి ఎవరైనా తీర్మానం చేస్తానని ముందుకు వస్తే తల మీద చెయ్యి పెట్టే ముందు పక్కకు తీసుకెళ్ళి అడగండి. చివరిసారి ఎప్పుడు తాగావు? రోజుకు ఎంత? పొద్దున లేవగానే కొంచెం పడితే గానీ చెయ్యి నిలవదా? ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ గానీ, లేనివి కనబడటం గానీ జరిగిందా? నిద్రమాత్రలు వాడతావా? కల్లు తాగితే ఏ కల్లు? పొద్దున్నే తాగడం, ఫిట్స్, లేనివి కనబడటం, నిద్రమాత్రలు, మత్తుమందు పొడి కలిపిన కల్లు, వీటిలో ఒక్కదానికి అవునన్నా ఆ మనిషిని ముందు డాక్టరుకు చూపించాలి. తీర్మానం తరువాత. డాక్టరును చూసేదాకా ఒక్కసారిగా మాన్పించవద్దు. తాగమని ప్రోత్సహిస్తున్నారా అని నన్ను నిలదీసినవాళ్ళున్నారు. నేను చెబుతున్నది రెండు రోజుల సంగతి. ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలోనూ ఉంటుంది. అక్కడ వణుకు ఆగే మందులిచ్చి, రోజురోజుకు తగ్గిస్తూ, వారం పది రోజుల్లో క్షేమంగా ఒడ్డుకు చేరుస్తారు.

కల్లు గురించి విడిగా చెప్పాలి. ఈత చెట్టు నుంచో తాడి చెట్టు నుంచో దింపిన కల్లు వేరు, అల్ప్రాజోలం లేదా డయాజెపాం అనే మత్తుమందుల పొడి కలిపిన దుకాణం కల్లు వేరు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఆ సరుకు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం గుంపులు గుంపులుగా ఆసుపత్రుల పాలయ్యారు. ఫిట్స్, పిచ్చిచూపులు, నాలుక కొరుక్కోవడం. కల్లే కదా, ఇది తాగుడు కిందికి రాదు అని మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. అలాంటి కల్లు మానినవారికి ఫిట్స్ వారం తరువాత కూడా రావచ్చు. రెండు గ్లాసులే తాగే ముసలమ్మను కూడా ఏ కల్లు అని అడగండి.

ఉపవాసం వద్దు

మొహమాటం లేకుండా చెబుతున్నాను, మానిన మొదటి పది రోజులు ఆ మనిషి చేత ఉపవాసం చేయించవద్దు. సంఘం కావాలంటే చేయవచ్చు. ఆయన మాత్రం తినాలి. తాగే మనిషి అన్నం మీద శ్రద్ధ పెట్టడు. ఒంట్లో విటమిన్ బి1 అప్పటికే అడుగంటి ఉంటుంది. అది లేక మెదడు దెబ్బతింటే జ్ఞాపకం తిరిగి రాకపోవచ్చు. నీరసంగా ఉన్నాడని ఊళ్ళోని ఆర్ఎంపీని పిలిచి గ్లూకోజు బాటిల్ ఎక్కించడం మరో అలవాటు. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. ఆసుపత్రిలో ముందు ఆ ఇంజెక్షన్ పడాలి. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానన్నప్పుడు దేవదూత ఉపవాసం చెప్పలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి, నిద్రపోనిచ్చి, మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు.

కూడికల విషయం

తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే మన కూడికల పద్ధతి కొత్తదేమీ కాదు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, 1991లో కాలిఫోర్నియాలో ఒక సంఘంలో పుట్టిన సెలబ్రేట్ రికవరీ, రెండూ కాలపరీక్షకు నిలిచిన నియమాలు కొన్ని మనకిచ్చాయి. ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహా ఇవ్వకూడదు. గదిలో విన్నది గది దాటకూడదు. మన దగ్గర ఎక్కువగా విరిగేది ఈ మూడోదే. మా కూడికలో ఒకాయన కన్నీళ్ళతో చెప్పిన సాక్ష్యాన్ని ఎవరో ఫోనులో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. ఏడాది తరువాత ఆయన కూతురి సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు అదే వీడియో తీసి, ఈయనేనా అని అడిగారు. ఆ రోజు నుంచి మా తలుపు దగ్గర ఫోన్లకు ఒక ప్లాస్టిక్ బుట్ట పెట్టాం. నాదీ అందులోనే ఉంటుంది.

సాక్ష్యానికి తొందరపడకండి. ఇరవయ్యో రోజున మైకు ఇస్తాం, నలభయ్యో రోజున జారిపడతాడు, ఆ తరువాత ముఖం చెల్లక మందిరం గడప తొక్కడు. ఏడాది నిండేదాకా వేదిక ఎక్కించవద్దు. ఎందరు మానారో చూపించాలన్న మన ఆరాటానికి ఆయన్ని ఎర వేయకూడదు.

ప్రభువు బల్లలో పులియని ద్రాక్షరసమే పోయండి. కతోలిక విచారణల్లో (సంఘాల్లో) ఇది మన చేతిలో లేదు గానీ, ద్రాక్షరసం లేకుండా అప్పం (రొట్టె) రూపంలో మాత్రమే స్వీకరించినా లోటు లేదన్నది వాళ్ళ బోధే. గురువుగారితో ముందే మాట్లాడుకోవచ్చు.

ఇక మిగిలినవి వరుసగా:

కూడిక కూలి చేతికందే సాయంత్రం పెట్టండి. సింగరేణి వాళ్ళుంటే జీతాల రోజు, షిఫ్టు చూసుకోండి. బెల్టు షాపు పక్క సందులో గది అద్దెకు తీసుకోకండి, ఎంత చవకైనా.

స్త్రీలకు వేరే కూడిక, వేరే నాయకురాలు. తాగే స్త్రీలు మన ఊళ్ళలో లేరనుకోకండి.

భర్త తాగి కొడుతున్నాడని చెప్పిన చెల్లెలికి ఓర్చుకోమని వాక్యం చూపించి ఇంటికి పంపకండి. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలో ముందు చూడండి.

కూరలో కలిపి మాన్పించే పొడి అని అమ్మేవి కొనవద్దు, కొననివ్వవద్దు. అందులో, మద్యం తాగితే ఒళ్ళు తిరగబడేలా చేసే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, అది తెలియక తాగిన మనిషికి బీపీ పడిపోయి గుండె ఆగవచ్చు. ఆపిన రెండు వారాల దాకా కూడా దాని ప్రభావం ఉంటుంది. ఆ మాత్ర డాక్టరు ఇవ్వాలి, మింగేవాడికి తెలిసి మింగాలి.

గొలుసులు వద్దు. తాళం వేసిన గది వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే జబ్బులనూ తన పరిధిలోకి తీసుకుంది. గొలుసు వేయడం నిషేధం. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను ఉంచి చికిత్స చేయడం నేరం. విశ్వాస గృహమని బోర్డు పెట్టినంత మాత్రాన మినహాయింపు లేదు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలగుత్తి పెట్టవద్దు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు పెట్టవద్దు. నీళ్ళు పోయవద్దు. 108కి ఫోను చేయండి. ప్రార్థన అంబులెన్సులో చేయవచ్చు.

మానసిక వైద్యుడు రాసిన మాత్రలను విశ్వాసం పేరుతో ఆపించవద్దు. ఎవరి మాత్రలనూ. ఎప్పుడూ.

డబ్బు చేతికి ఇవ్వవద్దు. బియ్యం కొనివ్వండి, పిల్లల ఫీజు బడిలోనే కట్టండి.

కానుక అడగవద్దు. విడుదలకు వెల కట్టినవాడు మన గుమ్మం దగ్గర నిలబడకూడదు.

జారిపడినవాడు మళ్ళీ వస్తే మొదటి రోజు అన్నమే పెట్టండి, లెక్చరు వద్దు. కొన్ని నెలలు మాని మళ్ళీ పాత కొలతే తాగితే ఒళ్ళు తట్టుకోదని మాత్రం ఒక్క మాట చెప్పండి.

పెళ్ళి బరాతు, దినం భోజనం, రెండేళ్ళకొకసారి వచ్చే మేడారం ప్రయాణం. బంధువులు పిలుస్తారు, ఆయన వెళ్ళక తప్పదు. ఒంటరిగా వెళ్ళనివ్వకండి. తోడు ఎవరో ముందురోజే తేల్చండి.

నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి: మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, అంబులెన్సు 108.

ఈసారి 31కి మేము చేస్తున్నది ఇది. ముందుకు వచ్చే ప్రతి ఒక్కరి దగ్గర పక్క గదిలో ఇద్దరు కూర్చుని పైన చెప్పిన ప్రశ్నలు అడుగుతారు. జవాబులు ఒక కాగితం మీద రాసి, భార్య చేతిలోనో అన్న చేతిలోనో పెడతారు. ఆసుపత్రికి పంపాల్సినవాళ్ళను తెల్లవారేదాకా ఉంచకుండా ఆ రాత్రే పంపిస్తాం. రెండు కార్లు, డ్రైవర్లు సిద్ధంగా ఉంటారు. మిగిలినవాళ్ళ ఇళ్ళకు 1 నుంచి 5 దాకా పొద్దున, రాత్రి ఇద్దరేసి వెళ్తారు. చేతులు చాపమంటారు, తిన్నారా అని అడుగుతారు, ఈ రోజు ఏ వారమో చెప్పమంటారు. తడబడితే అక్కడి నుంచే బండి పిలుస్తారు. ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళాలో చార్టు మందిరం తలుపుకు కాదు, నాయకుడి ఫోనులో ఉంటుంది.

ఆ చార్టులో 2, 3 తేదీల రాత్రులకు మా పేర్లే రాసుకున్నాం. మీరూ రాసుకోండి. ఆ రెండు రాత్రులు ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకోకండి.