సీఎస్‌వీ ఫైల్ నుంచి కావాల్సిన కాలమ్స్ మాత్రమే లోడ్ చేయడం ఎలా?

ఫైల్లో నలభై కాలమ్స్ ఉన్నాయి, మీకు కావాల్సినవి నాలుగే. అప్పుడు చాలామంది చేసేదేమిటంటే, ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి లాగేసి, ఆ తర్వాత అక్కర్లేనివి ఒక్కొక్కటిగా డ్రాప్ చేస్తారు. చిన్న ఫైల్ అయితే తేడా తెలియదు. ఫైల్ పెద్దదైతే ఎప్పటికీ ముట్టుకోని కాలమ్స్‌తోనే ర్యామ్ నిండిపోయి ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతుంది. ఎంపిక లోడ్ చేసేటప్పుడే జరగాలి. అది కూడా కాలమ్ పేర్లతోనే, నంబర్లతో కాదు.

1. సరంజామా

పైథాన్, టేబుల్ డేటా చదివే దాని లైబ్రరీ పాండాస్ చాలు. ఎక్సెల్ ఫైల్ అయితే దాన్ని చదివే ఓపెన్‌పైఎక్సెల్ కూడా ఇన్‌స్టాల్ చేసుకోండి. పాండాస్‌ని పీడీ అనే పేరుతో ఇంపోర్ట్ చేయండి. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

అక్కర్లేని కాలమ్స్‌ని ముందుగా ఎక్సెల్లో తీసేసి సేవ్ చేద్దామని మాత్రం అనుకోవద్దు. సీఎస్‌వీని నేరుగా ఎక్సెల్లో తెరిస్తే కోడ్ నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, తేదీలా కనిపించేవన్నీ తేదీలైపోతాయి, 15 అంకెలు దాటిన నంబర్లలో మిగతా అంకెలు సున్నాలవుతాయి. 10,48,576 వరుసలకు మించితే మిగిలినవి షీట్లోకే రావు. సేవ్ కొట్టారంటే ఆ నష్టమంతా శాశ్వతం. అసలు ఫైల్‌ని ఎవరూ ముట్టుకోకూడదు, కోడ్‌తో చదవాలి అంతే.

2. హెడర్ (కాలమ్ పేర్ల వరుస) చూడండి

పీడీ.రీడ్_సీఎస్‌వీకి ఫైల్ పేరుతో పాటు ఎన్‌రోస్=0 ఇవ్వండి. డేటా ఏమీ రాదు, కాలమ్ పేర్లు మాత్రమే వస్తాయి. వాటిని లిస్ట్‌గా మార్చి ప్రింట్ చేయండి. పేర్లన్నీ సెమీకోలన్లతో కలిసిపోయి ఒకటే పొడుగాటి పేరుగా వస్తే కాలమ్స్ మధ్య గుర్తును చెప్పే సెప్ అనే ఆప్షన్లో ఆ సెమీకోలన్ ఇవ్వాలి. "అన్‌నేమ్డ్" అని వరసగా కనిపిస్తే అసలు హెడర్ ఇంకా కింద ఉందన్నమాట.

3. కాలమ్స్ ఎంచుకోండి

పనంతా చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

కావాల్సిన పేర్లతో ఒక లిస్ట్ తయారు చేసి యూజ్‌కాల్స్ అనే ఆప్షన్‌కి ఇవ్వాలి. ఆ పేర్లను సొంతంగా టైప్ చేయకండి, ఇందాక ప్రింట్ చేసిన లిస్ట్ నుంచే కాపీ చేయండి. పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పెద్ద అక్షరం బదులు చిన్న అక్షరం ఉన్నా, చివర ఒక్క స్పేస్ ఎక్కువైనా "యూజ్‌కాల్స్ డు నాట్ మ్యాచ్ కాలమ్స్" అనే వేల్యూ ఎర్రర్ వస్తుంది. తెర మీద రెండు పేర్లూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తప్పెక్కడుందో అర్థంకాక టెన్షన్ మొదలవుతుంది. లిస్ట్‌గా ప్రింట్ చేయమన్నది అందుకే. లిస్ట్‌లో ప్రతి పేరూ కోట్స్ మధ్య కనిపిస్తుంది, చివరి స్పేస్ దొరికిపోతుంది. వెబ్ పేజీ నుంచి వచ్చిన నాన్‌బ్రేకింగ్ స్పేస్, తెలుగు హెడర్లలో పొల్లు తర్వాత దాగి ఉండే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్‌జాయినర్ లాంటివి కూడా బ్యాక్‌స్లాష్ కోడ్‌లుగా బయటపడతాయి.

ఈ ఎర్రర్ రాగానే చాలామంది పేర్లు వదిలేసి కాలమ్ స్థానం చెప్పే నంబర్లు ఇస్తారు: 0, 3, 7 అని. పాండాస్ ఒప్పుకుంటుంది, ఎర్రర్ పోతుంది. కానీ ఫైల్ పంపేవాళ్లు వచ్చే నెల మధ్యలో ఒక కొత్త కాలమ్ చేరిస్తే దాని తర్వాతి నంబర్లన్నీ పక్కకు జరిగిపోతాయి. ధర ఉండాల్సిన చోట డిస్కౌంట్ వస్తుంది. రెండూ అంకెలే కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాదు, రిపోర్ట్ మాత్రం తప్పు. పేరుతో అడిగితే కాలమ్ ఎక్కడికి జరిగినా దొరుకుతుంది, లేకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగి చెబుతుంది. ఆగిపోవడమే మనకు కావాల్సింది.

ఫైల్ వచ్చిన ప్రతిసారీ పేర్లలో స్పేస్‌లు మారుతుంటే యూజ్‌కాల్స్‌కి లిస్ట్ బదులు చిన్న ఫంక్షన్ ఇవ్వవచ్చు: పేరుకి స్ట్రిప్ చేసి (ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసేసి), అది మన లిస్ట్‌లో ఉందో లేదో చూసేది. బాగానే పనిచేస్తుంది, కానీ ఒక కాలమ్ అసలే లేకపోయినా ఫంక్షన్ పద్ధతిలో ఎర్రర్ రాదు. అందుకని లోడ్ అయ్యాక కాలమ్ పేర్లకు కూడా స్ట్రిప్ చేసి, కావాల్సినవన్నీ వచ్చాయో లేదో మీరే ఒక లైన్లో చెక్ రాయాలి. ఆ లైన్ రాయని ఫంక్షన్ పద్ధతిని నేను ఒప్పుకోను.

మరో సంగతి. మీరు లిస్ట్‌లో ఏ వరసలో ఇచ్చినా కాలమ్స్ ఫైల్లో ఉన్న వరసలోనే వస్తాయి. ఇది తెలియక లోడ్ అయ్యాక తమ వరసలో కొత్త పేర్లు పెట్టేస్తారు, దాంతో పేర్లు తారుమారు. మీ వరసే కావాలంటే లోడ్ చేసిన టేబుల్ పక్కన చదరపు బ్రాకెట్లలో అదే లిస్ట్ మళ్లీ ఇవ్వండి. నేను ప్రతిసారీ ఇస్తాను, మీరూ ఇవ్వండి.

4. టైప్ చెప్పండి

కోడ్ నంబర్లు, ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు కూడికలకు పనికొచ్చేవి కావు. అలాంటి ప్రతి కాలమ్‌కీ డీటైప్‌లో స్ట్రింగ్ (అంటే టెక్స్ట్) అని రాయండి. చెప్పకపోతే పాండాస్ కూడా ముందున్న సున్నాలను తీసేస్తుంది. పైగా కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా పూర్ణాంకాలు ఫ్లోట్ (దశాంశ సంఖ్యలు) అయిపోతాయి. ఫ్లోట్‌లో 9,00,71,99,25,47,40,992 దాటితే చివరి అంకెను నమ్మలేం, 16 అంకెల నంబర్ ఒక్క అంకె మారినా వేరే ఖాతా అవుతుంది. తేదీ కాలమ్‌ని పార్స్_డేట్స్‌లో ఇస్తే యూజ్‌కాల్స్‌లోనూ ఉండాలి. రోజు ముందు, నెల తర్వాత రాసిన తేదీలైతే డేఫస్ట్=ట్రూ తప్పనిసరి, ట్రూలో మొదటి అక్షరం మాత్రం పెద్దది.

5. సరిచూసుకోండి

మొదటి ఐదు వరుసలు, కాలమ్ టైప్‌లు, ఒక్కో కాలమ్‌లో ఖాళీలెన్ని. ఈ మూడూ చూస్తే చాలు.

ఎక్సెల్ ఫైల్‌కి రీడ్_ఎక్సెల్ వాడాలి, దానిలోనూ యూజ్‌కాల్స్ ఉంది. అందులో "ఏ:సీ,ఎఫ్" అని అక్షరాలతో కూడా అడగవచ్చు. నంబర్ల విషయంలో చెప్పినదే దీనికీ వర్తిస్తుంది, అక్కడ కూడా పేర్లే ఇవ్వండి.

ఇంత చేసినా లోడ్ కావడానికి పట్టే టైమ్ మెమరీ తగ్గినంతగా తగ్గదు. సీఎస్‌వీ అంటే వరుసల వారీగా రాసిన టెక్స్ట్. నాలుగు కాలమ్స్ కోసమైనా ప్రతి వరుసనూ చివరిదాకా చదివితేగాని కామాలు ఎక్కడున్నాయో తెలియదు. అదే పెద్ద ఫైల్‌ని రోజూ చదవాల్సి వస్తే ఒకసారి పార్కే ఫార్మాట్‌లోకి మార్చి పెట్టుకోండి. అందులో డేటా కాలమ్స్ వారీగా ఉంటుంది కాబట్టి రీడ్_పార్కేకి కాలమ్స్ అనే ఆప్షన్లో పేర్లు ఇస్తే డిస్క్ నుంచి వాటినే చదువుతుంది, టైప్‌లు కూడా ఫైల్లోనే ఉంటాయి.