వైద్యం ఖర్చు గురించి ఎమ్మెల్యేకు, ఎంపీకి ఉత్తరం రాయడం ఎలా

ప్రజాప్రతినిధుల కార్యాలయాలకు వచ్చే అర్జీల్లో చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి: 'మా ప్రాంతంలో వైద్య సదుపాయాలు సరిగా లేవు, కావున తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన.' ఇందులో అబద్ధమేమీ లేదు, అయితే చదివినవారు మరునాడు ఎవరికి ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా ఇందులో లేదు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే తక్కినవారి తిండి, చదువు, అప్పు అన్నీ ఎలా తారుమారవుతాయో అనుభవించినవారికే తెలుస్తుంది. ఆ తెలిసిన సంగతిని అధికారం ఉన్నవారి బల్ల మీదకు చేర్చడానికి ఉత్తరం ఇప్పటికీ మంచి సాధనమని నేను నమ్ముతాను. కాకపోతే దానిని కొంత ఆలోచించి రాయాలి.

మొదట తేల్చుకోవలసింది ఎవరికి రాయాలన్నది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నా, మందులు అందకపోయినా, ఆరోగ్యశ్రీలోనో ఎన్టీఆర్ వైద్య సేవలోనో ఇబ్బంది ఎదురైనా శాసనసభ్యులకు రాయాలి. మందుల గరిష్ఠ ధరలను 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు కింద నిర్ణయించేది కేంద్ర సంస్థ; ఆయుష్మాన్ భారత్, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు కూడా కేంద్రానివే. వీటి గురించి పార్లమెంటు సభ్యులకు రాయాలి. కేంద్ర పథకాల అమలును జిల్లాలో సమీక్షించే 'దిశ' కమిటీకి అధ్యక్షత వహించేది ఎంపీయే, ఆ సమీక్షలో జాతీయ ఆరోగ్య మిషన్ కూడా ఉంటుంది. అందువల్ల 'వచ్చే దిశ సమావేశంలో ఈ విషయం ప్రస్తావించండి' అని అడగడం ఎంతో అనువైన కోరిక.

తరువాత ఒకే ఒక్క సంగతిని ఎంచుకోవాలి. ఆస్పత్రిలో మంచాలు, మంచినీళ్లు, అంబులెన్సు, స్కానింగ్ అన్నీ ఒకే ఉత్తరంలో కుక్కితే ఏదీ కదలదు. ఎంచుకున్న సంగతిని ఏ రూపంలో చెబితే చదివేవారి కళ్లకు కడుతుందన్నదే ఇక్కడ సృజనకు చోటు. అలంకారాలూ ఆవేశపు మాటలూ ఉత్తరాన్ని బరువెక్కిస్తాయే తప్ప బలపరచవు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంటి జమాఖర్చు రూపం. మచ్చుకు రాసిన ఈ ఉత్తరం చూడండి. ఇందులోని అంకెలు ఊహించినవే, మీరు మాత్రం మీ ఇంటి అసలు లెక్కనే రాయాలి.

'గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి నమస్కరించి రాయునది. మా అత్తగారు మిరపకాయ కోతలకు వెళ్తారు. ఆమెకు షుగరు, బీపీ ఉన్నాయి. మాత్రలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది, అందుకు మేము కృతజ్ఞులం. అయితే ఆరోగ్య కేంద్రంలో ఒకసారికి పది రోజుల మాత్రలే ఇస్తున్నందువల్ల నెలకు మూడుసార్లు వెళ్లవలసి వస్తోంది. వెళ్లిన ప్రతిసారీ ఆటోకు రానుపోను అరవై రూపాయలు, ఆ రోజు పోయిన కూలి నాలుగు వందలు. ఈ విధంగా ఉచిత మాత్రలకు మాకు నెలకు అవుతున్న ఖర్చు 1,380 రూపాయలు. కోతల రోజుల్లో పని వదులుకోలేక ఆమె మాత్రను సగానికి విరిచి వేసుకుంటున్నారు. నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇచ్చేలా జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి తమరు చెప్పగలరా?'

ఈ ఉత్తరంలో నింద లేదు. ప్రభుత్వం చేస్తున్న మేలును ముందే ఒప్పుకోవడం వల్ల 'ఉచితంగా ఇస్తున్నాం కదా' అనే జవాబుకు తావు లేకుండా పోయింది. సగానికి విరిచిన మాత్ర గురించిన వాక్యం ఏ నివేదికలోనూ దొరకదు, ఆ ఇంట్లో ఉన్నవారే అది రాయగలరు. చివరి కోరిక ఒక ఫోనుతో మొదలుపెట్టగలిగినంత చిన్నది. మీ ఉత్తరంలోనూ అలాంటి వాక్యం ఒకటి ఉండేలా చూసుకోండి, దానికోసం అవసరమైతే రెండు రోజులు ఆలోచించండి.

సమస్య దూరానికి సంబంధించినదైతే మాటలకన్నా చేత్తో గీసిన పటం మేలు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. పాడేరు, ఉట్నూరు వైపు గూడేల నుంచి రాసేవారు తమ గూడెం, వాగు, బస్సు ఆగే చోటు, ఆస్పత్రి గీసి, నిండు గర్భిణిని ఎంత దూరం డోలీలో మోయవలసి వస్తోందో పక్కన రాస్తే చాలు. డయాలసిస్ మీద ఉన్నవారి ఇంటినుంచైతే ఒక రోజు దినచర్యను గంటల వారీగా రాయవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్నో కుటుంబాలు దశాబ్దాలుగా నలిగిపోయాయి. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఎంత పెద్ద ఆస్పత్రి వచ్చినా రోగి ఇల్లు వదిలి తిరిగి ఇల్లు చేరేదాకా ఏం జరుగుతుందో చెప్పగలిగేది ఆ కుటుంబమే. మందుల ధర గురించి రాస్తే, మందుల షాపు బిల్లునూ, అదే మందుకు చౌకగా జనరిక్ మందులు అమ్మే జనౌషధి కేంద్రం ఇచ్చిన బిల్లునూ పక్కపక్కన జిరాక్స్ తీసి జతపరచండి.

'ఆరోగ్యశ్రీ ఉంది కదా' అన్న మాట తప్పక ఎదురవుతుంది కాబట్టి దానికి ముందే సిద్ధపడాలి. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచింది. ఇది పేదలకు నిజంగా పెద్ద అండ. అయితే అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించినది. ఏళ్ల తరబడి వేసుకోవలసిన మాత్రలు, రక్తపరీక్షలు, రోగి వెంట ఉండేవారి తిండి, దారి ఖర్చులు చాలావరకు దాని బయటే ఉండిపోతాయి. మీ ఖర్చు వాటిలో ఏ కోవలోకి వస్తుందో ఒక వాక్యంలో స్పష్టం చేయండి.

రోగి అనుమతి లేకుండా పేరు, జబ్బు రాయకూడదు. ఆధార్ నంబరు అసలే వద్దు. ఎంత కోపం ఉన్నా, రుజువు లేకుండా డాక్టరుమీదో నర్సుమీదో ఆరోపణ చేయకండి. ఖాళీ పోస్టుల లెక్కవంటివి కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసుకోవచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఉత్తరం ఒక పేజీ మించకూడదు. ఊళ్లో పదిమంది రాయదలిస్తే ఒకే కాగితం మీద పది సంతకాలకన్నా, ఎవరి మాటల్లో వారు రాసిన పది ఉత్తరాలు ఎక్కువ పనిచేస్తాయి. చదువురాని పెద్దవారు చెబుతుంటే పిల్లలు రాసిపెట్టవచ్చు, అయితే వారి మాటతీరును పుస్తక భాషలోకి మార్చవద్దు.

ఉత్తరం పంపే వేళ కూడా చూసుకోవాలి. లోక్‌సభలో ప్రశ్న అడగాలంటే సభ్యులు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కనుక ఎంపీకి రాసేది సమావేశాలకు నెల ముందే చేరడం మంచిది. స్వయంగా ఇస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి, పోస్టులో అయితే రసీదు దాచుకోండి. నెలలోపు కబురు రాకపోతే మొదటి ఉత్తరం తేదీ, నకలు జతచేసి రెండోది రాయండి, ఈసారి ఒక ప్రతిని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలోనూ ఇవ్వండి. పని జరిగితే ఏ తేదీ నుంచి మాత్రలు నెలకు సరిపడా ఇస్తున్నారో, దానివల్ల ఇంట్లో నెలకు ఎంత మిగులుతోందో తెలుపుతూ మరో ఉత్తరం రాయండి. పక్క మండలం కోసం అదే మాట అడగడానికి ఆ ప్రతినిధికి మీ లెక్క ఆధారమవుతుంది.