తొందరపడే కుక్కకు జాడ, పట్టు నేర్పడం ఎలా

బెల్జియన్ మాలినోయికి గానీ, వర్కింగ్ లైన్ (పని కోసమే పెంచిన వంశం) జర్మన్ షెపర్డ్‌కి గానీ ఉత్సాహం నేర్పనక్కర్లేదు, అది పుట్టుకతోనే వస్తుంది. నేర్పాల్సింది నిదానం. పని కుక్కలకు పెట్టే, 2019 దాకా ఐపీఓ అని పిలిచిన ఐజీపీ పోటీలో మూడు విభాగాలుంటాయి: జాడ పట్టడం, విధేయత, రక్షణ. ఒక్కోదానికి 100 మార్కులు, 70 వస్తేనే పాస్. డ్రైవ్ (వెంటాడి పట్టాలన్న సహజమైన ఊపు) ఎక్కువున్న కుక్క జాడలోనూ రక్షణలోనూ మార్కులు పోగొట్టుకునేది చాలావరకు తొందరవల్లే. జాడ మీద ఉరికి మలుపు దాటిపోతుంది, స్లీవ్‌ను (కుక్క పట్టడానికి మనిషి చేతికి వేసుకునే మందపాటి తొడుగును) నములుతుంది, వదలమంటే వదలదు. విధేయత వేరే పెద్ద విషయం. ఇక్కడ మిగతా రెండింటి సంగతి చూద్దాం.

జాడ

మనిషి నడిచినచోట గడ్డి నలుగుతుంది, మట్టి కదులుతుంది, ఒంటి వాసన కొంత రాలుతుంది. ఇవన్నీ కలిసి ఒక్కో అడుగులో ఉంటాయి. గాల్లో తేలే వాసన పట్టుకుని తల ఎత్తి పోయే కుక్క తప్పిపోయినవాళ్లను వెతకడానికి పనికొస్తుంది గానీ, ఈ పోటీకి కాదు. ఇక్కడ ముక్కు ప్రతి అడుగులోనూ దిగాలి. అందుకు తిండే సాధనం, బంతి కాదు. బంతి కోసం ఊగిపోయే కుక్కకి జాడ చివర బంతి దొరుకుతుందని తెలిస్తే, మధ్యలో అడుగులు దానికి కనబడవు.

పొట్టి పచ్చికగానీ, దున్నిన మెత్తని నేలగానీ ఎంచుకోండి. పొద్దున్నే నేల తడిగా ఉన్నప్పుడు వాసన బాగా నిలుస్తుంది. ముందురోజు రాత్రి తిండి సగం చేసి, మిగతా సగం జాడలో పెట్టండి. నీళ్లు మాత్రం తగ్గించొద్దు. ముక్కలు బఠాణీ గింజంత ఉండాలి, నమలకుండా మింగేంత మెత్తగా ఉండాలి. పొడి రాలే తిండి పెడితే కుక్క ఒకేచోట నాకుతూ ఆగిపోతుంది.

మొదటి వారమంతా ఒక గడి చాలు. మీటరు పొడవు, మీటరు వెడల్పున నేలను అంగుళం వదలకుండా తొక్కి, అందులో 25, 30 ముక్కలు చల్లండి. కుక్కను లోపలికి వదిలి మాట్లాడకుండా నిలబడండి. రెండు మూడుసార్లు గడి దాటి బయటికి పోతుంది, అక్కడేమీ దొరక్క తనంతట తనే వెనక్కొస్తుంది. తొక్కినచోట తిండి ఉంటుంది, తొక్కనిచోట ఉండదు. మొత్తం ట్రాకింగ్ దీనిమీదే నిలబడుతుంది కాబట్టి మీరు వేలు పెట్టి చూపిస్తే పాఠం చెడిపోతుంది. నాలుగైదు ముక్కలు మిగిలి ఉండగానే బయటికి తీసుకొచ్చేయండి.

తర్వాత గడి నుంచి తిన్నగా 20 అడుగులు. మడమకు వేలు తగిలేలా నడుస్తూ, ప్రతి అడుగు గుంటలో ఒక ముక్క వేయండి. గాలి మీ వీపు వైపు నుంచి వీచాలి. ఎదురుగాలి అయితే ముందున్న తిండి వాసన ముక్కుకు తగిలి తల లేస్తుంది. లైను (కుక్కకు కట్టే పొడవాటి తాడు) కాలర్ నుంచి ఛాతీ కిందుగా ముందుకాళ్ల మధ్యనుంచి రానిస్తే తల కిందికే ఉంటుంది. మొదట్లో మీరు మీటరు దూరంలోనే ఉండండి. పరీక్షలో వాడే 10 మీటర్ల లైనుకు తర్వాత, కొంచెం కొంచెంగా చేరవచ్చు.

జాడ పెరిగేకొద్దీ తిండి తగ్గించాలి, కానీ లెక్కగా తగ్గించొద్దు. రెండు అడుగులు ఖాళీ, ఆపై మూడింట్లో తిండి, ఒకటి ఖాళీ, మళ్లీ అయిదింట్లో తిండి, ఇలా క్రమం లేకుండా ఉండాలి. కుక్క వేగం పెరిగిందంటే మీరు తిండి ముందుగా తీసేశారని అర్థం. అప్పుడు లైను బిగించి ఆపకండి. లాగినకొద్దీ ముందుకు తన్నుకుపోవడం కుక్క స్వభావం, ఆ లాగుడు వేగాన్ని ఇంకా పెంచుతుంది. మర్నాడు మళ్లీ ప్రతి అడుగులోనూ తిండి పెట్టండి.

మలుపులు లంబకోణంతో మొదలుపెట్టొద్దు. ముందు పాము మెలికలా వంపులు వేసి, ఆపై అసలు మలుపుకి రండి. మలుపు తిరిగాక పది అడుగుల వరకూ తిండి దట్టంగా ఉండాలి. కుక్క దాటిపోతే మీరు అక్కడే ఆగిపోండి. పిలవకండి, లైను కదపకండి. వాసన తెగిందని అది గ్రహించి చుట్టూ తిరిగి పట్టుకుంటుంది. ఇందుకు మలుపు ఎక్కడ వేశారో మీకు కచ్చితంగా తెలియాలి. చెట్టో, రాయో గుర్తు పెట్టుకోకుండా జాడ వేసేవాళ్లు కుక్కకు తప్పే నేర్పుతారు.

పోటీలో జాడ మీద వదిలే, కుక్క కనిపెట్టి చూపించాల్సిన వస్తువుల పాఠం జాడ మీద చెప్పొద్దు. తోలు, కలప, బట్ట ముక్కలు 10 సెంటీమీటర్ల పొడవున కోసి, ఇంట్లో నేలమీద పెట్టండి. వస్తువు ముందుకాళ్ల మధ్య ఉండేలా కుక్క పడుకోగానే తిండి ఆ వస్తువు దగ్గరే ఇవ్వండి. చూడగానే తనంతట తను పడుకునే స్థితికి వచ్చాకే జాడలో పెట్టండి.

మొదటి స్థాయి ఐజీపీ 1లో హ్యాండ్లర్ (కుక్కను నడిపించే మనిషి) స్వయంగా వేసిన 300 అంగల జాడ, రెండు మలుపులు, 20 నిమిషాల పాతది. పై స్థాయి ఐజీపీ 3కి వచ్చేసరికి వేరేవాళ్లు వేసిన 600 అంగలు, నాలుగు మలుపులు, గంట పాతది. అందుకని పొడవుతో పాటు పాతదనాన్ని కూడా ముందునుంచే కాస్త కాస్త పెంచుతూ రండి, కానీ ఒకేరోజు రెండూ పెంచకండి.

పట్టు, వదలడం

అనుభవమున్న హెల్పర్ (స్లీవ్ తొడుక్కుని కుక్కకు అందించే మనిషి) లేకుండా బైట్ వర్క్ (రక్షణ విభాగానికి చేసే పట్టు సాధన) మొదలుపెట్టొద్దు. స్లీవ్‌ను తప్పుడు కోణంలో అందిస్తే మెడకూ పళ్లకూ దెబ్బ తగులుతుంది. కుక్కపిల్లకు గుడ్డ ముక్కతో ఆట సరిపోతుంది. పాలపళ్లు రాలే కాలంలో, అంటే దాదాపు 4 నుంచి 7 నెలల మధ్య, లాగుడు ఆటలు ఆపేయండి. నొప్పితో పట్టిన కుక్క ముందుపళ్ల అంచుతో పట్టడం అలవాటు చేసుకుంటుంది. ఏడాది నిండకుండా దాన్ని బెదిరించి మొరిగించే పని అసలే వద్దు.

కావలసింది వెనక పళ్ల దాకా నిండుగా, కదలకుండా ఉన్న పట్టు. కుక్కను అయిదు మీటర్ల లైనుతో, హార్నెస్‌కి కట్టండి, కాలర్‌కి కాదు. పట్టుకున్నాక హెల్పర్ స్లీవ్‌ను లాగుతూ లైను బిగువుగా ఉంచి ఒక్క క్షణం ఆ బిగువు సడలించాలి. కుక్క ముందుకు తోసి లోతుగా పట్టిన వెంటనే స్లీవ్ దానిదైపోవాలి. నమిలితే హెల్పర్ బొమ్మలా నిలిచిపోవాలి, నమలడానికి ఏమీ దక్కకూడదు. గెలిచిన స్లీవ్‌ను హ్యాండ్లర్ వెంటనే లాక్కోకుండా, దాన్ని మోస్తూ నెమ్మదిగా గుండ్రంగా తిప్పి పక్కటెముకల మీద నిదానంగా నిమరాలి. కేకలూ చప్పట్లూ ఈ కుక్కకు పొయ్యిలో నూనె పోసినట్టే.

వదలడం స్లీవ్ మీద కాకుండా ఒకేలాంటి రెండు టగ్‌లతో (లాగుడు ఆట బొమ్మలతో) నేర్పండి. ఒకటి పట్టుకున్నాక దాన్ని మీ తొడకు అదిమి ప్రాణం లేనట్టు ఉంచండి. నోరు సడలుతున్న క్షణంలో వదలమనే మాట చెప్పండి, వదలగానే రెండోది కదిలించి పట్టనివ్వండి. వదిలిన పదిసార్లలో తొమ్మిదిసార్లు మళ్లీ దొరకాలి. పట్టి ఉండగా కాలర్ గుంజితే డ్రైవ్ ఉన్న కుక్క ఇంకా గట్టిగా బిగిస్తుంది, లేదా పట్టింది పోతుందన్న భయంతో నములుతుంది. ఆ రెండు లోపాలనూ తర్వాత సరిచేయడానికి నెలలు పడుతుంది. టగ్‌లతో పక్కా అయ్యాకే హెల్పర్ దగ్గరికి వెళ్లండి. అక్కడా అదే సూత్రం: హెల్పర్ గడ్డకట్టినట్టు నిలవాలి, మీరు పక్కనే ఉండాలి, వదలగానే మళ్లీ పట్టు దక్కాలి.

రెండు పనులూ ఒకేరోజు ఉంటే జాడే ముందు. బైట్ వర్క్ చేసి ఎగరొప్పుతున్న కుక్క నోటితో ఊపిరి తీస్తుంది, ముక్కు అంతగా పనిచేయదు. జాడలో తిన్నది అరిగేదాకా, రెండు మూడు గంటలైనా, క్రేట్‌లో విశ్రాంతి ఇచ్చి ఆ తర్వాతే మైదానంలోకి దింపండి. నిండు కడుపుతో ఎగిరి గెంతితే లోతైన ఛాతీ ఉన్న ఈ జాతులకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదముంది. నాలుగైదు పట్లు బాగా పడ్డాక, ఇంకా కావాలని అది చూస్తుండగానే ఆపి, లోపలికి తీసుకెళ్లండి.