కంచుకోటలో ప్రైమరీ గెలుపు నవంబరులో పనికొస్తుందా? లెక్క కట్టే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగిళ్లలో పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాలు తక్కువేమీ కాదు. అక్కడ ప్రైమరీలు మొదలయ్యాయంటే ఇక్కడ ఫోన్లలో వాదనలు మొదలవుతాయి. "డెమోక్రాట్ అలబామాలో గెలిస్తే ఏం లాభం? నవంబరులో అది రిపబ్లికన్లదే కదా" అని ఒకరు. "కాలిఫోర్నియా గెలిచాక ఇంకేం కావాలి" అని ఇంకొకరు. ఇద్దరిదీ ఒకటే పొరపాటు: టికెట్ లెక్కనీ, పదవి లెక్కనీ కలిపేస్తున్నారు. విడదీసి చూస్తే చిక్కు చాలావరకు వీడిపోతుంది.

ఒడిశాలో టికెట్ ఎవరికో పార్టీ పెద్దలు తేలుస్తారు. బి-ఫారం ఎవరి చేతికొచ్చిందో తెలిశాకే ఓటరుకు పని. అమెరికాలో ఆ టికెట్ కోసమే రాష్ట్రాలవారీగా ఓట్లు వేస్తారు. అవే ప్రైమరీలు. అక్కడ గెలుచుకునేవి డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు. అవి సగానికి మించితే టికెట్ వచ్చినట్టే. నవంబరులో గెలుచుకునేవి ఎలక్టోరల్ ఓట్లు, అంటే అధ్యక్షుణ్ణి తేల్చడానికి రాష్ట్రాలకు పంచిన ఓట్లు. మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ ఒక్క ఓటు తేడాతో నెగ్గినా అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ ఆ పార్టీవే. ఓట్లు ఎక్కువ పడ్డవాళ్లే నెగ్గాలని లేదన్న సంగతి మనకు కొత్త కాదు. 2024లో ఒడిశా అసెంబ్లీకి బీజేపీ కంటే బీజేడీకి ఓట్ల శాతం రవ్వంత ఎక్కువే వచ్చింది. సీట్లు మాత్రం బీజేడీకి 51, బీజేపీకి 78.

ముందుగా ఒక నోటుబుక్కు తీసుకుని ఎదురెదురు పేజీలు వాడండి. ఎడమ పేజీలో రాష్ట్రం, ప్రైమరీయా కాకసా (ఓటర్లు ఒకచోట కూడి అభ్యర్థిని ఎంచుకునే సభ), ఎవరికెన్ని డెలిగేట్లు, తేడా ఎంత అన్నవి రాయండి. కుడి పేజీలో అదే వరుసలో ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లు, గత నాలుగు అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన పార్టీ, ఎన్ని శాతం తేడాతో గెలిచిందో రాయండి. నాలుగుసార్లూ ఒకే పార్టీ 10 శాతానికి మించి గెలిస్తే కంచుకోట. చివరి రెండుసార్లు తేడా 5 శాతం లోపే ఉంటే ఊగిసలాట రాష్ట్రం. మధ్యలోవాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. చివర్లో చెప్పే ఒక్క గడి తప్ప, ఎడమ పేజీ అంకెను కుడి పేజీలోకి ఎప్పుడూ మోయకండి. ఈ పద్ధతికి ప్రాణం ఆ నియమమే.

2008 ఫిబ్రవరి 5 నాటి రెండు వరుసలు నింపి చూద్దాం. న్యూజెర్సీ డెమోక్రటిక్ ప్రైమరీలో 11 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. హిల్లరీ క్లింటన్ గెలిచారు. ఆమెకు 59 డెలిగేట్లు, ఒబామాకు 48. తేడా 11. అదే రోజు ఐడహో కాకస్‌కు వచ్చింది సుమారు 21 వేలమంది. అక్కడ ఒబామాకు 15, క్లింటన్‌కు 3. తేడా 12. పెద్ద రాష్ట్రంలో ఆమె సంపాదించినదాన్ని, 1964 తర్వాత ఒక్కసారీ డెమోక్రాట్‌కు దక్కని చిన్న రాష్ట్రంలో ఆయన తుడిచిపెట్టి ఒకటి మిగుల్చుకున్నారు. ఇక కుడి పేజీ. నవంబరులో ఐడహో 4 ఓట్లు రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కు పోయాయి. ఒబామా ప్రైమరీలో ఓడిన న్యూజెర్సీ 15 ఓట్లు ఒబామాకే వచ్చాయి. ఐడహో గెలుపు ఆయనకు టికెట్ తెచ్చిపెట్టడంలో నిజంగా సాయపడింది, పదవి లెక్కలో మాత్రం సున్నా. న్యూజెర్సీ ఓటమి వల్ల నవంబరులో పోయిందీ లేదు.

అంత చిన్నచోట అంత తేడా ఎలా వచ్చిందో తెలియకపోతే ఎడమ పేజీ తప్పుతుంది. డెమోక్రాట్లు డెలిగేట్లను ఓట్ల దామాషాలో పంచుతారు. 15 శాతం దాటనివాళ్లకు ఏమీ రాదు. పంపకం ఎక్కువగా ఒక్కో జిల్లా (మన నియోజకవర్గం లాంటిది) లెక్కన జరుగుతుంది. ఇద్దరే పోటీలో ఉన్నారనుకోండి. నాలుగు డెలిగేట్ల జిల్లాలో 60-40తో గెలిచినా చెరి రెండే. 3-1 కావాలంటే 62.5 శాతం దాటాలి. అయిదు డెలిగేట్లుంటే సగం దాటితే చాలు, 3-2 వస్తుంది. అందుకే పెద్ద రాష్ట్రంలో బొటాబొటీ గెలుపు పేపర్లో పెద్దక్షరాల్లో కనిపించినా డెలిగేట్లలో తేలిపోతుంది. కంచుకోటలో ఏకపక్షంగా వచ్చిన గెలుపే బరువు తూగుతుంది.

రిపబ్లికన్ల పద్ధతి వేరు. రాష్ట్రానికి 10, ఒక్కో కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) జిల్లాకు 3, జాతీయ కమిటీ సభ్యులు ముగ్గురు, దానిపైన తమ పార్టీని గెలిపించిన రాష్ట్రాలకు బోనస్. కాలిఫోర్నియాకు బోనస్ లేకపోయినా 52 జిల్లాలున్నాయి కాబట్టి 2024లో 169 డెలిగేట్లు వచ్చాయి. అక్కడ సగం దాటినవారికి మొత్తం ఇచ్చేస్తారు. ఆ 169 ట్రంప్‌కే పోయాయి. నవంబరులో కాలిఫోర్నియా 54 ఎలక్టోరల్ ఓట్లు ఆయన ప్రత్యర్థికి. టికెట్ గెలవాలనుకునే రిపబ్లికన్ కాలిఫోర్నియాను వదులుకుంటే నష్టపోతాడు. పదవి గెలవడానికి మాత్రం అక్కడ ప్రచారం చేయక్కర్లేదు.

ఇక ఎక్కువమంది జారిపడే చోటు ఊగిసలాట రాష్ట్రాల ప్రైమరీ. అక్కడ గెలిస్తే నవంబరులోనూ గెలిచినట్టేనని అనుకుంటారు. 2016 తీసి చూడండి. క్లింటన్ ప్రైమరీల్లో ఒహాయో, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, నార్త్ కరొలైనా గెలిచారు. నవంబరులో నాలుగూ పోయాయి. న్యూ హాంప్‌షైర్, కొలరాడో, మిన్నెసోటాల్లో సొంత పార్టీ ప్రత్యర్థి శాండర్స్ చేతిలో ఓడారు. నవంబరులో మూడూ ఆమెవే. ట్రంప్ కూడా ప్రైమరీల్లో తన పార్టీవాళ్లైన క్రూజ్ చేతిలో టెక్సస్, అయోవాల్లో, కేసిక్ చేతిలో ఒహాయోలో ఓడి, నవంబరులో ఆ మూడూ గెలిచారు. ప్రైమరీలో ఓట్లేసేది చిన్న గుంపు, అదీ ఎక్కువగా ఒకే పార్టీ మనుషులు. 2016 ప్రైమరీల్లో క్లింటన్‌కు మొత్తం 1.69 కోట్లు పడితే నవంబరులో 6.58 కోట్లు పడ్డాయి. పైగా టికెట్ పోయిన అభ్యర్థి మద్దతుదారుల్లో ఎక్కువమంది నవంబరుకు తిరిగి సొంత పార్టీకే వేస్తారు.

మిషిగన్, విస్కాన్సిన్ ప్రైమరీల్లో క్లింటన్ ఓటమి ముందే హెచ్చరించిందని చాలామంది అంటారు. నవంబరులో ఆ రెండూ పోయిన మాట నిజమే. కానీ అలాంటి కార్మిక ఓటరే ఉన్న పెన్సిల్వేనియా, ఒహాయోల్లో ఆమె ప్రైమరీ గెలిచి కూడా నవంబరులో ఓడారు. హెచ్చరిక ఒకవేళ ఉన్నా, అది గెలుపోటముల వరుసలో దొరకలేదు.

అయితే కంచుకోట గెలుపు నవంబరు గురించి ఏమీ చెప్పదా? చెబుతుంది, ఎవరు ఓటేశారో చూస్తే. 2020 ఫిబ్రవరి 29న సౌత్ కరొలైనాలో బైడెన్‌కు 39 డెలిగేట్లు, శాండర్స్‌కు 15 వచ్చాయి. 1976 తర్వాత ఆ రాష్ట్రం డెమోక్రాట్‌కు పడలేదు, ఆ నవంబరులోనూ పడలేదు. అయినా ఆ ఏడాది అంతకంటే ముఖ్యమైన ప్రైమరీ లేదని మా అభిప్రాయం. నల్లజాతి ఓటర్లు ఆయన వెనకే ఉన్నారని అక్కడ రుజువైంది. టికెట్ పోటీలో ఉన్న బుటిజెజ్ మర్నాడు, క్లోబుచార్ ఆ మర్నాడు తప్పుకున్నారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో బైడెన్ 10 గెలిచారు. అవే వర్గాల ఓటు నవంబరులో జార్జియాలోనూ, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా నగరాల్లోనూ కీలకం. జార్జియాలో ఆయన మెజారిటీ 11,779. అందుకే ఎడమ పేజీ చివర "ఎవరు వేశారు" అని ఒక గడి గీసుకుని, వర్గాలవారీగా ఎగ్జిట్ పోల్ అంకెలు రాయండి. కుడి పేజీలోకి మోయదగ్గది ఆ గడి ఒక్కటే. కాకస్ వరుసల్లో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంచడమే మేలు. గంటలకొద్దీ అక్కడే కూర్చోగలిగినవాళ్లే వస్తారు కాబట్టి అది ఆ రాష్ట్రపు ముఖచిత్రం కాదు.

అమెరికా పాలనలో ఉన్నా రాష్ట్రాలు కాని ప్యూర్టో రికో, గువాం, అమెరికన్ సమోవాలకు కుడి పేజీలో సున్నా వేయండి. ప్రైమరీల్లో డెలిగేట్లుంటారు, నవంబరులో ఓటే లేదు. మీ పిల్లలకు గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే అధ్యక్ష ఎన్నికలో వాళ్లకూ ఓటు లేదు, పౌరసత్వం రావాల్సిందే.

టైము సంగతి. మార్చి మొదట్లో చాలా రాష్ట్రాల ప్రైమరీలు ఒకేసారి జరిగే సూపర్ ట్యూస్‌డే నాడు తూర్పు తీరంలో రాత్రి 8 అంటే మనకు బుధవారం పొద్దున్న 6:30. కాలిఫోర్నియా పోలింగు ముగిసేసరికి మనకు 9:30. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరుపుతారు కాబట్టి ఆ తర్వాతి ప్రైమరీలకు మనకు గంట ముందే. టీవీలో విజేతను ప్రకటించగానే డెలిగేట్ల గడి నింపేయకండి. కాలిఫోర్నియాలో పోస్టులో వచ్చిన ఓట్ల లెక్క వారాలపాటు సాగుతుంది, జిల్లా పంపకాలు మారుతుంటాయి.

కుడి పేజీని పెన్సిల్‌తోనే రాయండి, నాలుగేళ్లకోసారి దిద్దండి. 1952 నుంచి 1988 దాకా 1964లో తప్ప రిపబ్లికన్లకే పడిన కాలిఫోర్నియా ఇప్పుడు డెమోక్రాట్ల కంచుకోట. 1996లో కూడా డెమోక్రాట్‌కు పడిన వెస్ట్ వర్జీనియా ఇప్పుడు రిపబ్లికన్ల కోట. 2000లో 537 ఓట్లతో తేలిన ఫ్లోరిడాలో 2024లో తేడా 13 శాతం.