స్మోకీ పర్వతాల అడవిలో అద్దె వాటా: ఎంచుకోవడం, చేరుకోవడం, ఉండటం

అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్ అనగానే ముందుగా గుర్తుకు వచ్చే చోటు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు. టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దు మీద ఐదు లక్షల ఎకరాలకు పైగా పరచుకొని ఉన్న ఈ పార్కు 1934లో ఏర్పడింది. ఏటా కోటి మందికి పైగా వచ్చే ఈ పార్కులో కారు దిగి గదిలోకి వెళ్లగలిగే హోటల్ ఒక్కటీ లేదు. లోపల ఉన్న ఏకైక బస అయిన లెకాంట్ లాడ్జ్‌కు కొండ ఎక్కి నడిచి వెళ్లాల్సిందే. అందువల్ల క్యాంపింగ్ ఇష్టం లేనివారు పార్కు అంచున ఉన్న కొండవాలుల్లో క్యాబిన్ అనే చెక్క ఇల్లు గానీ, పెద్ద క్యాబిన్‌లో వేరు వాకిలి ఉన్న కింది అంతస్తు వాటా గానీ అద్దెకు తీసుకుంటారు. నలుగురున్న చిన్న కుటుంబానికి ఏడు పడకగదుల భవంతి కన్నా అలాంటి వాటాయే మేలని నా అభిప్రాయం.

అయితే ఆన్‌లైన్ ప్రకటనల్లో మొదట కనిపించేవి హాట్ టబ్, డెక్ అనే చెక్క వరండా మీది కుర్చీలు, పొగమంచులో కొండలు. అక్కడ గడిపే రోజులు సుఖంగా సాగడమన్నది మాత్రం ఇంటికి చేరే చివరి మైలు దారి, నీళ్లు, చెత్తడబ్బా వంటి, ఫొటోల్లో పడని విషయాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కాబట్టి ముందు దారిని, ఆ తరువాతే ఇంటిని చూసి ఎంచుకోవాలి.

ఏ వైపు ఉండాలి

పార్కు పెద్దది, దాని మధ్యగా కొండ మీదుగా వెళ్లే ప్రధాన రోడ్డు న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు ఒక్కటే. ఒక వైపు బస చేసి రోజూ రెండో వైపుకు వెళ్లి రావాలనుకుంటే సెలవంతా కారులోనే గడిచిపోతుంది. గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ పట్టణాలకు దగ్గరగా ఉంటే పిల్లలకు కాలక్షేపానికి కొదవ ఉండదు కానీ, అక్టోబరు శనివారాల్లో ఆ పట్టణాల మధ్య రోడ్డు మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంది. నిజంగా అడవి నిశ్శబ్దం కావాలనుకునేవారు టెన్నెసీ వైపు టౌన్సెండ్, వేర్స్ వ్యాలీ, కాస్బీ ప్రాంతాలను చూడటం మంచిది. వీటిలో టౌన్సెండ్ నుంచి పార్కులోని కేడ్స్ కోవ్ లోయకు దారి దగ్గర. ఇక అట్లాంటా నుంచి వచ్చేవారికి నార్త్ కరోలినా వైపున్న బ్రైసన్ సిటీ సుమారు మూడు గంటల ప్రయాణం. కొండ దాటవలసిన పని లేకుండానే చేరుకోవచ్చు.

బుక్ చేసే ముందు అడగవలసినవి

యజమానికి రాసే మొదటి సందేశంలోనే దారి గురించి అడగాలి. తారు రోడ్డు ఎక్కడ ఆగిపోతుంది, కంకర రోడ్డు ఎంత దూరం ఉంటుంది, డ్రైవ్‌వే ఎంత నిటారుగా ఉంది, మినీవ్యాన్ ఎక్కగలదా, పైన కారు తిప్పుకోవడానికి చోటుందా అన్నవి విడివిడిగా అడగాలి. “దారి బాగానే ఉంటుంది” అన్న సమాధానంతో తృప్తిపడకూడదు. ఎందుకంటే రోజూ పికప్ ట్రక్కు నడిపేవారికి బాగుండే దారి, సామాను, పెద్దవాళ్లతో నిండిన వ్యాన్‌కు బాగుండకపోవచ్చు. శీతాకాలంలో నాలుగు చక్రాల డ్రైవ్ తప్పనిసరి అని ప్రకటనలో ఎక్కడో కింద ఒక వాక్యం ఉంటే దాన్ని అక్షరాలా నమ్మాలి; మంచు పడిన రోజున ఆ వాక్యం చదవలేదంటే డబ్బు తిరిగి రావడం కష్టం.

కొండ మీది నుంచి కిందికి రావడానికి రెండో దారి ఉందా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. 2016 నవంబరు 28 రాత్రి, పార్కులో మొదలైన కార్చిచ్చు పెనుగాలులకు గాట్లిన్‌బర్గ్ మీద పడినప్పుడు 14 మంది చనిపోయారు, సుమారు 2,500 ఇళ్లు, కట్టడాలు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. ఒకే ఇరుకు దారి ఉన్న కొండ మీద ఉండకూడదని కాదు, అలా ఉన్నప్పుడు ఫోనుకు అత్యవసర హెచ్చరికలు వచ్చేలా పెట్టుకోవాలి, హెచ్చరిక రాగానే సామాను కోసం చూడకుండా బయలుదేరాలి.

వాటా అయితే పైన ఎవరుంటారో, రెండు వాటాలకు డెక్, పార్కింగ్ ఉమ్మడివో వేరో తెలుసుకోవాలి. చెక్క ఇళ్లలో పైవారి అడుగుల చప్పుడు కింద స్పష్టంగా వినిపిస్తుంది, మన పిల్లల పరుగులు కూడా అలాగే పక్కవారికి వినిపిస్తాయి. “ఎనిమిది మందికి” అని రాసి ఉంటే వారిలో ఎందరికి మంచాలు, ఎందరికి సోఫాలు అన్నది లెక్క చూసుకోవాలి. శుభ్రం చేసే రుసుము, పన్నులు కలిపిన మొత్తాన్ని చూశాకే ధరలు పోల్చాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే పార్కింగ్ నుంచి గుమ్మం దాకా మెట్లెన్ని అన్నది మరువకూడదు. కొండవాలు ఇళ్లలో “గ్రౌండ్ ఫ్లోర్” అన్నంత మాత్రాన మెట్లుండవని కాదు.

చేరుకోవడం

వెలుతురుండగానే చేరుకునేలా బయలుదేరాలి. నాష్‌విల్ నుంచి వచ్చేవారు దారిలో ఒక గంట కోల్పోతారు, ఎందుకంటే స్మోకీలు ఈస్టర్న్ టైములో ఉన్నాయి. పార్కులో పెట్రోల్ బంకులు లేవు, చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. అందుచేత ట్యాంకు నింపుకొని, ఆ ప్రాంతపు మ్యాపు ఆఫ్‌లైన్‌లో దాచుకొని, యజమాని పంపిన దారి వివరాలను, తలుపు కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. జీపీఎస్ చూపే దగ్గరి దారికి, యజమాని రాసిన దారికి తేడా వస్తే యజమాని మాటే వినాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరులో రావాలి. మంచు పడితే న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డును మూసివేయడం మామూలే కాబట్టి చలికాలంలో బయలుదేరే ఉదయం పార్కువారి రోడ్డు సమాచారం చూసుకోవాలి.

లోపలికి వెళ్లగానే చేయవలసిన పని ఇంటి పూర్తి చిరునామాను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించడం. 911కు ఫోను చేయవలసి వస్తే ఆ క్షణంలో కొండ మీది వీధి పేరు ఎవరికీ గుర్తుకు రాదు. వైఫై కాలింగ్‌ను కూడా అప్పుడే ఆన్ చేసి పెట్టుకోవాలి. టెన్నెసీ వైపు ఉన్నవారికి అందుబాటులో ఉన్న పెద్ద ఆసుపత్రి సీవియర్‌విల్‌లోని లెకాంట్ మెడికల్ సెంటర్.

వంట, చెత్త, ఎలుగుబంట్లు

ఈ పార్కులో దాదాపు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయని అంచనా. పార్కు సరిహద్దు వాటికి తెలియదు. మార్చి, ఏప్రిల్ నుంచి నవంబరు దాకా క్యాబిన్ల మధ్య తిరుగుతూనే ఉంటాయి. వాటిని రప్పించేది వాసన, మన వంటలో దానికి లోటు లేదు. ఇంగువ పోపు, చేపల వేపుడు, డెక్ మీది గ్రిల్లు పైన మసాలా పట్టించిన కోడి ముక్కలు వండుకోవద్దని ఎవరూ అనరు. గ్రిల్ చేసినంతసేపు ఒక పెద్దవారు పక్కనే ఉండాలి, దింపాక ఊచలకు అంటినదంతా మంట పెంచి కాలనిచ్చి బ్రష్‌తో గీకేయాలి, పళ్లాలు, సాసు సీసాలు, పిల్లలు కింద పడేసిన ఎముకలు ఏవీ డెక్ మీద రాత్రికి మిగలకూడదు. కూలర్ పెట్టెను “పొద్దున్నే తీస్తాంలే” అని బయట వదిలితే దాన్ని ఎలుగుబంటి తీస్తుంది.

కారు సంగతి చాలామందికి తెలియదు. లాగితే తెరుచుకునే హ్యాండిల్ ఉన్న కారు తలుపును ఎలుగుబంటి పంజాతో తెరవగలదు. లోపలికి దూరాక తలుపు వెనుక మూసుకుపోతే బయటికి రావడానికి సీట్లను, డ్యాష్‌బోర్డును చీల్చేస్తుంది. కాబట్టి ఖాళీ చిప్స్ సంచి, చూయింగ్ గమ్, పసిపిల్లల బిస్కెట్లు కూడా కారులో ఉంచకుండా ప్రతి రాత్రీ తలుపులకు తాళం వేయాలి. అదే విధంగా ఇంటి తలుపులను, డెక్ వైపు అద్దాల తలుపును చేరేసి వదలకుండా గడియ పెట్టాలి.

చాలా క్యాబిన్ల దగ్గర చెత్తకు ఇనుప పెట్టె గానీ, కటకటాల గూడు గానీ ఉంటుంది. కొన్ని మూతలకు పైకి గొళ్లెం కనిపించదు. హ్యాండిల్ కింద ఉన్న సందులోకి వేళ్లు పోనిచ్చి లోపలి మీటను పైకి నొక్కితే మూత లేస్తుంది. మనిషి వేళ్లు పట్టే ఆ సందులో ఎలుగు పంజా పట్టదు. వేసేటప్పుడు మాత్రం “టక్” మని పడేదాకా నొక్కి, ఒకసారి లాగి చూడాలి. పెట్టె నిండిపోతే సంచిని పక్కన పెట్టి రాకూడదు, యజమానికి కబురు చేసి, అప్పటిదాకా లోపలే ఉంచుకోవాలి. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగుబంటిని చివరకు చంపవలసి వచ్చిన సందర్భాలున్నాయి కనుక ఇది మన భద్రతకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

ఎలుగుబంటి డెక్ మీదికి వస్తే లోపలికి వెళ్లి తలుపు వేసుకొని, గట్టిగా చప్పుడు చేయాలి. దారిలో ఎదురైతే పరుగెత్తకుండా, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి తగ్గాలి. పార్కు నిబంధన ప్రకారం ఎలుగుబంటికి గానీ, ఎల్క్ అనే పెద్ద జింకకు గానీ 150 అడుగుల లోపలికి వెళ్లకూడదు. మీదపడే అరుదైన సందర్భంలో నల్ల ఎలుగుబంటి ముందు చచ్చినట్టు పడుకోవడం పనికిరాదు, చేతికందిన దానితో ఎదిరించాలి.

వంటింట్లో మరికొన్ని జాగ్రత్తలున్నాయి. పొయ్యి పైనున్న ఫ్యాను చాలా క్యాబిన్లలో పొగను బయటికి పంపదు, జల్లెడలోంచి తీసి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎండుమిరపకాయల పోపు పెట్టే ముందు కిటికీ తెరవకపోతే పొగ అలారం మోగుతుంది. విసుగొచ్చి దాని బ్యాటరీ తీసేయడం మాత్రం చెక్క ఇంట్లో చేయకూడని పని. గాజు పొయ్యి మీద కుక్కరును, ఇనుప పెనాన్ని జరపకుండా ఎత్తి పెట్టాలి. మసాలాలు, పప్పులు, పెరుగు వెంట తెచ్చుకోవడం మేలు, కొండ ఊళ్లలో కరివేపాకు దొరుకుతుందని ఆశించవద్దు.

నీళ్లు, టబ్బు, మంట

అడవిలోని చాలా ఇళ్లకు మురుగు పైపులైను ఉండదు, సెప్టిక్ ట్యాంకే. టాయిలెట్ పేపరు తప్ప తడి వైప్స్, డైపర్లు అందులో వేయకూడదు. వేపుడు నూనెను సింకులో పోయకుండా చల్లారాక సీసాలోకి ఒంపి చెత్తలో వేయాలి; చింతపండు పిప్పి, అన్నం మెతుకులు కూడా అక్కడికే. వచ్చిన మొదటిరోజే ఇంటిల్లిపాదీ వరుసగా స్నానాలు చేసి, బట్టల మెషీను, గిన్నెల మెషీను ఒకేసారి నడిపితే వేడినీళ్లు అయిపోవడమే కాక ట్యాంకు మీద కూడా భారం పడుతుంది.

హాట్ టబ్ నీళ్లు 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటాయి కనుక ఐదేళ్ల లోపు పిల్లలను దించకూడదు, గర్భిణులు వైద్యుణ్ణి అడగాలి. బయటికి వచ్చాక మూత వేసి కట్టేయాలి. చలిమంట వేసుకునే ముందు ఆ కౌంటీలో నిషేధం లేదని నిర్ధారించుకోవాలి. కట్టెలను ఇంటి నుంచి తీసుకురావడం మానాలి. చెట్లను చంపే పురుగులు వాటితో పాటు వస్తాయని పార్కులోకి వేడి శుద్ధి చేసిన, ధ్రువీకరణ ఉన్న కట్టెలనే అనుమతిస్తారు.

ఇక్కడి పాముల్లో విషమున్నవి రెండే జాతులు, టింబర్ రాటిల్‌స్నేక్, కాపర్‌హెడ్. కట్టెల మోపులో, రాళ్ల సందుల్లో చూడకుండా చేయి పెట్టకపోతే చాలు. చీకట్లో టార్చి లేకుండా కారు దగ్గరికి వెళ్లవద్దు.

ఇంటి నుంచి పార్కుకు

పార్కుకు ప్రవేశ రుసుము లేదు. కానీ 2023 మార్చి 1 నుంచి 15 నిమిషాలకు మించి కారు నిలిపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకు 5, వారానికి 15, ఏడాదికి 40 డాలర్లుగా దాన్ని మొదలుపెట్టారు. ఇతర జాతీయ పార్కులన్నిటికీ పనికివచ్చే వార్షిక పాసు దీనికి బదులు చెల్లదు.

అడవిలో బస చేయడంలోని అసలు లాభం ఉదయాలే. ఏడు గంటలకల్లా కేడ్స్ కోవ్‌లోని 11 మైళ్ల చుట్టు దారిలో ఉంటే జింకలు కనిపిస్తాయి, పది దాటితే ముందు కారు నంబరు ప్లేటు మాత్రమే కనిపిస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా బుధవారాల్లో ఆ దారిలోకి కార్లను రానివ్వరు, నడకకు, సైకిళ్లకు విడిచిపెడతారు. 6,643 అడుగుల కువోహీ శిఖరానికి, అంటే 2024 దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలిచినదానికి, వెళ్లే రోడ్డు డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా మూసి ఉంటుంది. లోయకూ పైకీ ఉష్ణోగ్రతలో 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది కాబట్టి జూలైలో కూడా స్వెట్టర్లు కారులో ఉండాలి. పార్కులోని ఎల్క్‌మాంట్‌లో ఒకేసారి వెలిగి ఆరే మిణుగురులను చూడాలంటే వాహన పాసుల కోసం వసంతంలోనే లాటరీకి దరఖాస్తు చేయాలి. ఇల్లు ముందే బుక్ చేసి లాటరీ రాక బాధపడేవారు ఏటా ఉంటారు కనుక, ఆ వారానికి రద్దు చేసుకునే వీలున్న ఇంటినే తీసుకోవడం తెలివైన పని.

ఖాళీ చేసే రోజు

చాలాచోట్ల ఉదయం పదింటికే ఇల్లు ఖాళీ చేయమంటారు. మిగిలిన కూరలను ఫ్రిజ్‌లో వదలకుండా చెత్తపెట్టెలో వేసి, టబ్బు మూత, గ్రిల్లు గ్యాసు, కిటికీల గడియలు చూసి, గదుల ఫొటోలు తీసి పెట్టుకుంటే తరువాత ఏదైనా వాదన వచ్చినా సాక్ష్యం ఉంటుంది. టెన్నెసీ వైపు నుంచి అట్లాంటాకు తిరిగి వెళ్లేవారు న్యూఫౌండ్ గ్యాప్ మీదుగా కొండ దాటి చెరోకీ, క్లేటన్‌ల గుండా వెళితే దారిలోనే ఒకనాలఫ్టీ సందర్శకుల కేంద్రం వస్తుంది. 2001లో తిరిగి ఈ పార్కుకు తెచ్చిన ఎల్క్‌ల సంతతి దాని పక్క పచ్చికలో ఉదయం, సాయంత్రం వేళల్లో మేస్తుంది కనుక, వాటిని చూడాలనుకుంటే పది దాకా ఆగకుండా తెల్లవారగానే తాళం వేసి బయలుదేరాలి.