సప్లిమెంటల్ ఎస్సే: కాలేజీ పేరు మార్చినా సరిపోతే అది పనికిరాదు

అమెరికా కాలేజీలు చాలావాటికి ఒకే చోట అప్లై చేసుకునే కామన్ యాప్‌లో 650 పదాల పెద్ద ఎస్సే పూర్తవగానే హమ్మయ్య అనుకుంటారు చాలామంది. అసలు పని అక్కడే మొదలవుతుంది. పది కాలేజీలకు అప్లై చేస్తూ ఒక్కో కాలేజీ విడిగా అడిగే ప్రశ్నలకు రెండు మూడు సప్లిమెంటల్ ఎస్సేలు రాయాల్సి వస్తే ఎన్నవుతాయో మీరే లెక్కేసుకోండి. ఆగస్టు 1న కొత్త అప్లికేషన్ తెరుచుకోగానే ప్రశ్నలన్నీ వర్డ్ లిమిట్‌తో సహా ఒకే ఫైల్లో పెట్టుకోండి, ఏ జవాబు ఎక్కడ తిరిగి వాడుకోవచ్చో అప్పుడే కనిపిస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడేది "మా కాలేజీయే ఎందుకు?" అన్న ప్రశ్న దగ్గర. "ప్రపంచ స్థాయి ప్రొఫెసర్లు, అందమైన క్యాంపస్, రకరకాల నేపథ్యాల విద్యార్థులు" అని రాస్తారు. వాళ్ల బ్రోషర్ వాళ్లకే చదివి వినిపించడం దేనికండీ? రాసింది తీసుకుని కాలేజీ పేరు మార్చి చూడండి, అయినా అతికినట్టు సరిపోయిందంటే చెరిపేయండి. బ్రౌన్ యూనివర్సిటీలో ఓపెన్ కరిక్యులం ఉంటుంది, ఏయే కోర్సులు చదవాలో చాలావరకు విద్యార్థే తేల్చుకుంటాడు. కొలంబియాలో దానికి పూర్తిగా ఎదురు, కోర్ కరిక్యులం పేరుతో అందరూ కలిసి చదివి తీరాల్సిన కోర్సులు ఉంటాయి. ఈ రెండిటికీ ఒకే కారణం చెప్పారంటే మీరు ఏదీ సరిగ్గా చూడలేదని చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

మరి ఏం రాయాలి? ముందు మీ గురించి, అదీ పని మధ్యలో ఆగిపోయిన చోటు గురించి. "నాకు సంగీతం, కంప్యూటర్ సైన్స్ ఇష్టం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "వయొలిన్ శ్రుతి తప్పితే పట్టుకునే చిన్న ప్రోగ్రాం రాశాను, ఒక్కరు వాయిస్తే బాగానే చెబుతుంది, నలుగురు కలిసి వాయిస్తే మాత్రం చేతులెత్తేస్తుంది" అనండి. ఇప్పుడు ఆ నాలుగు శబ్దాలను విడదీయడం నేర్పే కోర్సు ఆ కాలేజీలో ఏదుందో కేటలాగ్‌లో వెతకండి, అది డిగ్రీ విద్యార్థులు తీసుకోగలిగేదేనా అని కూడా చూసుకోండి. ఒక్క కోర్సు, ఒక్క ల్యాబ్ చాలు. ప్రొఫెసర్ల పేర్లు వరసగా ఏకరువు పెడితే గూగుల్ చేశారని తప్ప ఇంకేమీ అర్థం కాదు.

కార్నెల్‌కైతే యూనివర్సిటీ మొత్తం గురించి కాదు, అందులో మీరు ఎంచుకున్న కాలేజీ గురించి రాయాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అప్లికేషన్ వేరే, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 పదాల్లోపు రాస్తే అవే జవాబులు మీరు ఎంచుకున్న క్యాంపస్‌లన్నిటికీ వెళ్తాయి, కాబట్టి అక్కడ బర్కిలీ లాంటి ఒక్క క్యాంపస్ మీదే ప్రేమ ఒలకబోయకండి.

కాబోయే రూమ్మేట్‌కు రాయమని స్టాన్‌ఫర్డ్ అడిగే ఉత్తరం లాంటివాటిలో మెడల్స్ గొడవ వద్దు, అర్ధరాత్రి దాకా లైటు వేసుకునే అలవాటుంటే అది చెప్పండి.

ఏఐతో రాయించి మీ పేరు పెట్టుకోవద్దు, కామన్ యాప్ దాన్ని మోసం కిందే లెక్కేస్తుంది. ఇంట్లోవాళ్లు తప్పులు చూసిపెడితే ఫర్వాలేదు, వాక్యాలు మార్చేస్తానంటే మాత్రం ఫైలు వెనక్కి లాక్కోండి. చివరగా, పీడీఎఫ్ ప్రివ్యూ తెరిచి వేరే కాలేజీ పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో వెతికాకే సబ్మిట్ నొక్కండి.